దగ్గు వినిపిస్తే ఇల్లు విడిచే మనిషి

సర్వమూ విడిచి ప్రాణాలతో పారిపోయినవారి మెదడులో ఏమి జరుగుతుంది? సూరత్ నగరంలోని తెలుగు నేతకార్మికుల పేటనుంచి ఒక పరిశీలన

సాయంకాలం ఆరు గంటల వేళ. సూరత్ నగరంలో లింబాయత్ అనే పేట. సందు పొడుగునా మరమగ్గాల మోత. మనవాళ్ళు సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. ఇక్కడా అదే మాట. ఒక ఇంటి అరుగు మీద అరవై ఏళ్ళ పద్మశాలి పెద్ద ఒకరు చాయ్ తాగుతూ నాకు తమ ఊరి చెరువు గురించి చెబుతున్నారు. నాటి కరీంనగర్ జిల్లాలోని ఊరు. ఆయన మాట నెమ్మది, నవ్వు మరీ నెమ్మది.

లోపల మనుమడు దగ్గాడు. పిల్లలకు మామూలుగా వచ్చే దగ్గే. కాసేపటికి మళ్ళీ దగ్గాడు. పెద్దాయన చెప్పే మాట సగంలో ఆపి, సగం తాగిన గ్లాసు అరుగు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని, వెనుదిరిగి చూడకుండా సందు చివరకు నడిచి వెళ్ళిపోయారు. ఇంటిలో ఎవరికీ ఆశ్చర్యం కలిగినట్లు లేదు.

"గంటకు వస్తడు చెల్లె. నువ్వు చాయ్ తాగు," అన్నది ఆయన భార్య, మనుమడి వీపు నిమురుతూ. "పిల్లలు దగ్గితె ఇంట్ల నిలవడడు. ముప్పై ఏండ్లసంది ఇదే."

నేను ఆ పేటకు వెళ్ళినది కథల కోసం కాదు. ఒక మాట కోసం. వరదలు, అల్లర్లు, అంటువ్యాధులు, యుద్ధాలు చూసి బయటపడినవారి మనఃస్థితిని తెలుసుకొనేందుకు వైద్యులు ఉపయోగించే ఒక ప్రశ్నావళిని ఇంగ్లీషునుంచి తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించారు. సూరత్‌లో తెలుగు కుటుంబాలు వేలకొలదిగా ఉన్నాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయంటే ఆ సంఖ్యను ఊహించుకోవచ్చు. రెండు రోజులలో ముగుస్తుందనుకున్న పని ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది: "మీ భావోద్వేగాలు మొద్దుబారినట్లు అనిపిస్తున్నదా?"

ఇంగ్లీషులో ఈ ప్రశ్న నున్నగా ఉన్నది. తెలుగులో రాసి చదువుకుంటే నాకే నవ్వు వచ్చింది. భావోద్వేగం అన్న మాటను మన పల్లెలలో ఎవరు వాడతారు? మనకు గుండె జారుతుంది, కడుపు తరుక్కుపోతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు, ప్రాణం ఉసూరుమంటుంది, నోట మాట రాదు. దుఃఖానికీ భయానికీ తెలుగువారు శరీరంలోనే చోటు చూపిస్తారు. అందువల్ల నిఘంటువు మూసి, మనుషులనే అడగాలని బయలుదేరాను.

* * *

పెద్దాయన కథ తెలియాలంటే 1994 సెప్టెంబరు మాసానికి వెళ్ళాలి.

ఆ వర్షాకాలంలో తాపీ నది పొంగి సూరత్‌లోని పల్లపు వాడలు నీట మునిగాయి. నీరు తీసిన పిమ్మట చెత్త, జంతు కళేబరాలు, బురద మిగిలాయి. అంతకు కొద్ది వారాల ముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డలు లేచే ప్లేగు కనిపించిందన్న వార్త వచ్చి ఉన్నది. వినాయక నిమజ్జనం ముగిసిన రోజులలోనే సూరత్‌లో, ముఖ్యంగా వేద్ రోడ్డు పరిసరాలలోని కార్మికవాడలలో, జ్వరంతో రక్తం కక్కి మనుషులు చనిపోవడం మొదలయింది. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు అన్నారు. దగ్గితే చాలు, అంటుకుంటుందన్నారు.

ఆ మాట నగరాన్ని ఖాళీ చేసింది. కొద్ది రోజుల వ్యవధిలో కొన్ని లక్షలమంది సూరత్ విడిచి వెళ్ళారు. మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ మాత్రలు నిండుకున్నాయి. చాలామంది ప్రైవేటు వైద్యులు కూడా తలుపులు వేసుకుని వెళ్ళిపోయారు. ప్రభుత్వ ఆస్పత్రి సిబ్బంది నిలబడ్డారు. చివరకు లెక్క తేలితే మరణాలు యాభై పైచిలుకు. ఆ సంఖ్యకూ, పారిపోయిన జనసంఖ్యకూ పొంతన లేదని తరువాతి కాలంలో కొందరు తేలికగా మాట్లాడారు. పారిపోతున్న మనిషికి అంతిమ సంఖ్య తెలియదన్న విషయం వారు మరిచారు.

పెద్దాయనకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. భార్య, ఏడాదిన్నర కూతురు. వేద్ రోడ్డు వైపు ఒక గదిలో కాపురం. పక్క గదిలో మనిషి పోయిన రాత్రే ముగ్గురూ స్టేషనుకు నడిచారు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో, మరుగుదొడ్డి తలుపు దగ్గర, కాలు మడిచే చోటు దొరికింది. పాపకు జలుబు. మామూలు జలుబే. కాని పెట్టెలో అందరి ముఖాలకూ రుమాళ్ళు ఉన్నాయి. ఎవరు దగ్గినా అందరి చూపూ అటే.

ఇది ఆయన నాకు మూడవ రోజున చెప్పారు. అడిగితే చెప్పలేదు. సాంచా మీద పోగు కడుతూ, తల ఎత్తకుండా చెప్పారు.

"దగ్గితె దించేస్తరని భయం చెల్లె. బిడ్డ మూతి మీద తువ్వాల అద్దిన. ఎంతసేపు అద్దిననో యాదికి లేదు. భుసావల్ వచ్చిందో పోయిందో యాదికి లేదు. బిడ్డ కండ్లు మాత్రం యాదికున్నయి."

పాప బతికింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. మనుమడు దగ్గినప్పుడు లోపల ఉన్నది ఆమెయే. ఆమెకు ఈ విషయం తెలియదనీ, తెలియనవసరం లేదనీ తండ్రి నమ్మకం. తల్లి ఎన్నడో చెప్పేసింది.

వరంగల్‌లో దిగి ఊరు చేరితే ఊరివారు పొలిమేరలోనే ఆపారు. పది రోజులు బడి గదిలో ఉంచారు. కన్నతల్లి అన్నం మూట గడప అవతల పెట్టి, నాలుగడుగులు వెనక్కు వెళ్ళి, అక్కడనుంచి కొడుకును చూసి ఏడ్చింది. రైలులోని భయం కంటె ఆ నాలుగడుగుల దూరమే ఎక్కువ బాధించిందని ఆయన భార్య నాతో అన్నది. ఈ మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను. దీనితో మళ్ళీ పని ఉన్నది.

* * *

ఇట్టివారిని ఏమని పిలవాలి? 1951 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారం శరణార్థి అంటే పీడనకు భయపడి స్వదేశపు సరిహద్దు దాటినవాడు. మన దేశం ఆ ఒడంబడిక మీద సంతకం చేయలేదు; అది వేరే సంగతి. సరిహద్దు దాటని నేతపనివారు చట్టం దృష్టిలో శరణార్థులు కారు. కాని మనకు ఒక పాత మాట ఉన్నది: కాందిశీకుడు. "ఏ దిక్కుకు పోదును?" అని తోచక పరుగెత్తేవాడని పండితులు దానికి వ్యుత్పత్తి చెబుతారు. ఆ మాటలో సరిహద్దు లేదు, పాస్‌పోర్టు లేదు. దిక్కు తోచనితనం మాత్రమే ఉన్నది. మన పూర్వుల భాషాజ్ఞానానికి ఒక నమస్కారం పెట్టి, ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుకుంటాను.

సూరత్‌కు కాందిశీకులు కొత్త కాదు. 1664లోను, 1670లోను శివాజీ సేనలు దాడి చేసినప్పుడు ఈ రేవు పట్టణపు వర్తకులు చేతికందిన మూటలతో పరుగెత్తారు. 1947 తరువాత సింధునుంచి వచ్చినవారు ఇక్కడ స్థిరపడి వస్త్రవ్యాపారంలో పైకి వచ్చారు. 1992 డిసెంబరులో అల్లర్లకు జడిసి ఎందరో కార్మికులు ఊరు విడిచారు. 2006 ఆగస్టులో, ఉకాయ్ ఆనకట్టనుంచి లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా, నగరంలో అత్యధిక భాగం మునిగింది. 2020 వేసవిలో కరోనా నిర్బంధకాలాన కూలి లేక, అద్దె కట్టలేక వేలాది కార్మికులు వీధులలోకి వచ్చి తమను ఇళ్ళకు పంపమన్నారు. మే నెలలో ప్రత్యేక రైళ్ళు కదిలాయి. ఒకే మనిషి ఈ పలాయనాలలో మూడింటిని చూసి ఉండడం సూరత్‌లో వింత కాదు. మా పెద్దాయన అట్టివారిలో ఒకరు.

తెలుగువారికి ఇంతకంటె పెద్ద అనుభవం ఉన్నది. దానిని మనం దాదాపు మరిచిపోయాము. బర్మాలో మనవారిని కోరంగీలని పిలిచేవారు, కోరంగి రేవుపేరు మీదుగా. రంగూను ఓడరేవులో బరువులు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు వేలకు వేలు తెలుగువారే. 1942లో జపాను సైన్యాలు ముందుకు రాగా బర్మానుంచి భారతదేశానికి నాలుగైదు లక్షలమంది తరలివచ్చారు. అరాకాను మీదుగా, మణిపురం కొండల మీదుగా కాలినడకన వచ్చినవారిలో వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. 1960లలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరొక విడత వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉన్నది. ఆ తరం పెద్దలను ఎరిగినవారు ఒక విషయం చెబుతారు: వారు బర్మా భోజనం గురించి ఎంతైనా మాట్లాడేవారు, నడిచి వచ్చిన దారి గురించి మాట్లాడేవారు కారు.

ఎందుకు మాట్లాడరు? ధైర్యం లేక కాదు. ఇక్కడే మెదడు ప్రసక్తి వస్తుంది.

* * *

చెవులకు కొంచెం పైన, లోతున, మెదడు రెండు పక్కలా బాదంపప్పంత కణజాలం ఉన్నది. గ్రీకు భాషలో బాదంకు ఉన్న పేరు మీద దానిని అమిగ్డలా అన్నారు. ఆపదను పసిగట్టడం దాని ముఖ్యవిధులలో ఒకటి. దాని వెనుకనే సముద్రపు గుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ అనే భాగం ఉన్నది. జరిగినది ఎప్పుడు జరిగిందో, ఎక్కడ జరిగిందో దానిని నమోదు చేసేది అది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ రెండింటి సమాచారాన్నీ తూచి, "ఇది పామా, తాడా?" అని తీర్పు చెబుతుంది. మూడూ కలిసి పనిచేస్తే మనిషి భయపడవలసినచోట భయపడి, తరువాత ఊపిరి పీల్చుకుంటాడు.

సాంచాల మధ్య కూర్చుని ఆలోచిస్తుంటే నాకు ఒక పోలిక తోచింది. పోగు తెగితే సాంచా దానంతట అది ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది. మంచి ఏర్పాటే. కాని అది మరీ సున్నితమైపోతే, పోగు తెగకుండానే గాలి తగిలినా మగ్గం ఆగుతుంది. ఘోరవిపత్తు చూసిన కొందరిలో అమిగ్డలా ఇట్టి స్థితికి వస్తుంది. హిప్పోకాంపస్ తన పని సరిగా చేయనందున ఆ జ్ఞాపకానికి తేదీ పడదు, చోటు పడదు. కాబట్టి మనుమడు దగ్గినప్పుడు పెద్దాయన మెదడులో కొంత భాగానికి ఇది లింబాయత్ అనీ, 1994 గడిచిపోయిందనీ తెలియదు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఇంకా భుసావల్ చేరలేదు.

ఇదంతా ఊహ కాదు. దీనిలో ముఖ్యమైన కొంత పరిశోధన మన దేశంలోనే జరిగింది. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ, అజయ్ వ్యాస్, వారి సహచరులు 2002లో ఒక ప్రయోగఫలితం ప్రకటించారు. ఎలుకలను రోజుకు రెండు గంటలు చొప్పున పది రోజులపాటు కదలకుండా బంధించి, ఆ మీదట వాటి నాడీకణాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. హిప్పోకాంపస్‌లోని కణాల కొమ్మలు కురచబారాయి. అమిగ్డలాలోని కణాల కొమ్మలు అందుకు విరుద్ధంగా పెరిగి, పొదలా విస్తరించాయి. 2004లో అదే బృందం ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళింది. బంధనం ఆపి ఆ ఎలుకలకు 21 రోజులు విశ్రాంతినిచ్చి చూడగా హిప్పోకాంపస్ కోలుకున్నది. అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆపద పోయింది, కావలి పోలేదు.

ఎలుకనుంచి మనిషికి దూకేటప్పుడు జాగ్రత్త అవసరం. 1995లో అమెరికాలో వియత్నాం యుద్ధ సైనికులను పరీక్షించినప్పుడు, బాధితులలో కుడివైపు హిప్పోకాంపస్ సుమారు 8 శాతం చిన్నదిగా కనిపించింది. యుద్ధమే దానిని కుదించిందని అందరూ అనుకున్నారు. 2002లో కవలలను పరీక్షించిన మరొక అధ్యయనం ఆ తొందరపాటుకు అడ్డు తగిలింది. యుద్ధానికి వెళ్ళి బాధితుడైన సోదరుడికి చిన్న హిప్పోకాంపస్ ఉంటే, ఇంటిపట్టున ఉన్న కవల సోదరుడికీ అంతే ఉన్నది. అంటే అది కొందరిలో గాయపు మచ్చ కాక, గాయం సులభంగా తగిలే పుట్టుక లక్షణం కావచ్చు. ఈ రెండు వివరణల మధ్య వాదం పూర్తిగా ముగియలేదు. ముగిసినట్లు రాసే వ్యాసాలను పాఠకులు కొంత అనుమానంతో చదవడం మేలు.

"నోట మాట రాలేదు" అన్న తెలుగు నుడికి సాక్ష్యం చెప్పే పరిశోధన ఒకటి నన్ను, మాటలతో బతికే మనిషిని గనుక, విశేషంగా ఆకర్షించింది. 1996లో బోస్టన్‌లో స్కాట్ రౌచ్, బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ ప్రభృతులు ఎనిమిదిమంది బాధితులకు వారి అనుభవాన్నే చదివి వినిపిస్తూ మెదడును చిత్రించారు. ఉద్వేగానికి సంబంధించిన భాగాలు, ముఖ్యంగా కుడివైపు, మండినట్లు కనిపించాయి. మాటను కూర్చే బ్రోకా ప్రాంతంలో చలనం తగ్గింది. ఎనిమిదిమంది మీదనే పెద్ద సిద్ధాంతాలు కట్టరాదు. అయినా, బర్మా దారి గురించి మాట్లాడని ముసలివారిని తలచుకున్నప్పుడు ఆ చిత్రం గుర్తుకు వస్తుంది. చెప్పకపోవడం వేరు, చెప్పే యంత్రమే ఆ క్షణాన ఆగిపోవడం వేరు.

* * *

భయం ఒక పక్క మాత్రమే. రెండవ పక్క మరింత వింతైనది.

2006 ఆగస్టులో తాపీ నీరు వచ్చినప్పుడు మా పెద్దాయన కుటుంబం ఇంకా వేద్ రోడ్డు వైపే ఉన్నది. చుట్టుపక్కలవారితో కలిసి ఒక మేడ మీద మూడు రాత్రులు గడిపారు. తాగునీరు లేదు, దీపం లేదు. ఆడవారు, పిల్లలు ఏడుస్తున్నారు. ఆయన?

"నాకేం గాలె చెల్లె. గోడకు ఒరిగి కూసున్న. భయం గాలె, ఏడుపు రాలె. సామాను కొట్టుకపోతుంటె ఎవలదో సామాను అన్నట్టు చూసిన. మొద్దు లెక్క."

"ధైర్యంగా ఉన్నడు అనుకున్నరు అందరు," అన్నది భార్య. "నాకు మాత్రం ఆయన్ను చూస్తేనే భయమయింది."

ఆమె భయం శాస్త్రసమ్మతమైనది. కెనడాలో రూత్ లానియస్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు జరిపిన పరిశోధనలలో బాధితులు రెండు తెగలుగా కనిపించారు. అధికసంఖ్యాకులలో గాయపు జ్ఞాపకం రాగానే గుండె వేగం హెచ్చుతుంది, నుదుటి వెనుక ఉండే పగ్గం సడలుతుంది. కొందరిలో అందుకు విరుద్ధం. పగ్గం మరీ బిగుస్తుంది, ఉద్వేగం అణగిపోతుంది, తాను తన శరీరంలో లేనట్లు, జరుగుతున్నది ఎవరికో జరుగుతున్నట్లు తోస్తుంది. ఈ రెండవ తెగను అమెరికా మనోవైద్య సంఘం 2013లో తన రోగ నిర్ణయ గ్రంథంలో విడిగా చేర్చింది. ఒకే మనిషి వేరు వేరు సందర్భాలలో రెండు స్థితులనూ అనుభవించవచ్చు.

ఈ మొద్దుబారడంలో ఒక చిక్కు ఉన్నది. మెదడు భయాన్ని ఒక్కదానినే ఎంచి అణచజాలదు. దానితోపాటు సంతోషమూ, మమకారమూ మసకబారుతాయి. ఎదుటివారి ముఖంలోని భావాన్ని చదవడమూ కష్టమవుతుంది. మామూలు ముఖం కోపపు ముఖంగా కనిపించవచ్చు. కూతురి పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఆయన కంట నీరు రాలేదని బంధువులు నేటికీ అనుకుంటారట. కఠినాత్ముడని ఒక మాట. ఇట్టి కఠినాత్ములు మన కుటుంబాలలో ఎందరు ఉన్నారో, వారి వెనుక ఏ రైలు ఉన్నదో మనం అడిగి ఉండము.

శరీరం ఈ భారాన్ని ఎంత దూరం మోస్తుందో చెప్పే ఉదంతం ఒకటి ఉన్నది. కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు సాగిన పోల్ పాట్ పాలనలో తమవారి వధను కళ్ళారా చూసిన అనేకమంది స్త్రీలు అమెరికాలోని లాంగ్ బీచ్ నగరం చేరి, 1980లలో చూపు పోయిందని కంటి వైద్యుల వద్దకు వచ్చారు. పరీక్షిస్తే కళ్ళలో దోషం లేదు. వారు నటించడమూ లేదు. అదే లాంగ్ బీచ్‌లో, వలస వచ్చి రెండు దశాబ్దాలు దాటిన కంబోడియా కాందిశీకులను పరిశీలించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో 62 శాతం మందిలో విపత్తు అనంతర మనోవ్యాధి లక్షణాలు కనిపించాయి. కాలమే మందు అని మనం తేలికగా అంటాము. ఆ మందు అందరికీ పనిచేయదు.

అట్లని కాందిశీకులందరూ రోగులేనని భావించడం మరొక పొరపాటు. పాశ్చాత్యదేశాలలో స్థిరపడిన సుమారు 7,000 మంది గురించిన అధ్యయనాలను ఒకచోట చేర్చి అదే 2005లో లెక్కించగా పదిమందిలో ఒకరికి మాత్రమే ఈ వ్యాధి తేలింది. లెక్కలలో ఇంత తేడా ఎందుకు? ఎవరు ఎంత ఘోరం చూశారన్నది ఒక కారణం. వచ్చిన తరువాత వారికి ఏమి జరిగిందన్నది రెండవ కారణం. అన్నం మూట గడప అవతల పెట్టి నాలుగడుగులు వెనక్కు వేసిన తల్లిని ఇప్పుడు గుర్తు చేసుకోండి.

మాథ్యూ పోర్టర్, నిక్ హాస్లమ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా జరిగిన 56 అధ్యయనాలను తూచి 2005లో ఒక నిర్ణయానికి వచ్చారు. స్థిరమైన ఇల్లు లేక శిబిరాలలో ఉన్నవారి మనస్సు, ఆర్థికావకాశాలు కరువైనవారి మనస్సు అధికంగా దెబ్బతిన్నాయి. అంటే మెదడు వైద్యంలో ఇల్లూ, పనీ కూడా మందులే. సూరత్‌లో ప్లేగు తరువాతి కథ ఈ సందర్భంలో చెప్పదగినది. 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఉదయమే వీధులలోకి పంపి, చెత్త ఎత్తించి, మురికివాడలకు నీరు, కాలువలు, దీపాలు సమకూర్చారు. కొద్దికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు పొందింది. ఆయన తెలుగువాడు కావడం మనకు సంతోషమే. ఆయన చేసినది పారిశుద్ధ్యమని అందరూ రాశారు. తిరిగి వచ్చిన కార్మికుడు ఎప్పటివలెనే కుళ్ళు కంపు చూసి మళ్ళీ గుండె జారే అవసరం లేకుండా చేయడం మనోవైద్యం కూడా కాదా అని నాకు తోస్తుంది. ఇది నా అభిప్రాయం. దీనికి అధ్యయనం చూపలేను.

* * *

మరి మాట రానివారి చేత మాట్లాడించడం ఎట్లా? జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో థామస్ ఎల్బర్ట్, మాగీ షావర్, ఫ్రాంక్ నాయ్నర్ ఒక పద్ధతి రూపొందించారు. ఒక తాడు తీసుకుంటారు. దానిని నేల మీద పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. మంచి రోజులు గడిచినచోట పువ్వు పెట్టాలి, ఘోరం జరిగినచోట రాయి పెట్టాలి. ఆ మీదట మొదటినుంచి, వరుస తప్పకుండా, కొన్ని కూర్పులలో కథ చెప్పాలి. రాయి దగ్గరకు వచ్చినప్పుడు తప్పించుకోనివ్వరు, తొందరపెట్టరు కూడా. అప్పుడు ఏ వాసన వచ్చింది, చేతిలో ఏమున్నది, ఏ ఊరు దాటారు అని అడుగుతూ ఆ జ్ఞాపకానికి తేదీ, చోటు అతికిస్తారు. హిప్పోకాంపస్ చేయక వదిలిన పనిని మనుషులు కూర్చుని పూర్తి చేయడమన్నమాట.

ఉగాండాలోని ఒక శిబిరంలో సూడాను కాందిశీకులకు ఈ పద్ధతిని నాలుగేసి కూర్పులలో ఉపయోగించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది గడిచాక ఈ వైద్యం పొందినవారిలో 29 శాతం మందికే వ్యాధి మిగిలింది. వేరే విధంగా ఓదార్పు పొందినవారిలోను, వ్యాధి గురించిన వివరణ మాత్రమే విన్నవారిలోను సుమారు 80 శాతం మందికి మిగిలింది. పాల్గొన్నది 43 మందే. తరువాత ఇతర దేశాలలో జరిగిన ప్రయత్నాలు కూడా చాలావరకు అనుకూలంగానే ఉన్నాయి. శిక్షణ పొందినవారి ఆధ్వర్యంలోనే ఇది జరగాలి. ఇంటిలో ఎవరినైనా కూర్చోబెట్టి గాయం కెలకడం వైద్యం కాదు. మన దేశంలో 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ, గుజరాతీలోనూ మాట్లాడేవారు ఉంటారు.

నా ప్రశ్న సంగతి చెప్పవలసి ఉన్నది. చివరి రోజున సవరించిన కాగితం పట్టుకుని మళ్ళీ ఆ అరుగు మీదికి వెళ్ళాను. "మీ భావోద్వేగాలు" అన్న మాట కొట్టివేసి, దాని స్థానంలో ఇట్లా రాశాను: "ఏడవవలసినచోట ఏడుపు రాక, సంతోషపడవలసినచోట సంతోషం రాక, మొద్దు లెక్క ఉంటున్నదా?" పక్కన నాలుగు గడులు: అసలు లేదు, కొంచెం, బాగా, విపరీతంగా.

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇది నా మాటనే గద చెల్లె," అన్నారు. అవునన్నాను. పెన్ను అడిగి తీసుకుని, కొంతసేపు ఆలోచించి, "కొంచెం" అన్న గడిలో గీత పెట్టారు.

వదినె వంటింటిలోనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాగితం అందుకుని చూసి, ఆ గీతను కొట్టివేసి చివరి గడిలో పెట్టింది.